సడక్ పక్కన ఇనుప ఎద్దు: ఊరంతా కలిసి నిలబెట్టాలంటే ఏం చేయాలి

మా ఊరు నల్గొండ జిల్లాలో దేవరకొండ వైపు. ఊరి బయట రోడ్డు పక్కన మేం నిలబెట్టిన ఎద్దు మూపురం దగ్గర 18 అడుగుల ఎత్తు, ముట్టె నుంచి తోక దాకా 24 అడుగుల పొడవు, బరువు మూడు టన్నుల పైనే. ఎండిన బోర్ల నుంచి పీకిన పైపులు, అరిగిపోయిన కర్రులు, తుప్పు పట్టిన ట్రాక్టర్ కేజ్ వీల్స్, మూలన పడ్డ కొడవళ్లు, ఇవే దాని ఒళ్లంతా. ఆగి చూసినవాళ్లలో పది మందిలో తొమ్మిది మంది అడిగేది ఒకటే, "వెల్డింగ్ ఎవరు చేసిన్రు?" అని. వెల్డింగ్ రెండు నెలల్లో అయిపోయింది. దానికి ముందు పని పది నెలలు పట్టింది, తర్వాతి పని ఇంకా నడుస్తూనే ఉంది. అందుకే మీ ఊళ్లో ఇట్లాంటిది చేయాలనుకుంటే వెల్డింగ్ మిషన్ కొనకముందే ఇదంతా ఒకసారి చదవండి.

ముందు ఏం బొమ్మో తేల్చుకోండి

గ్రామసభలో అడిగితే ఎంతమంది ఉంటే అన్ని బొమ్మలు చెప్తారు. మా దగ్గర పాలపిట్ట అన్నారు, బతుకమ్మ అన్నారు, ఒకాయన తన నాయకుడి విగ్రహం అన్నాడు. నాయకుల విగ్రహం జోలికి పోవద్దని నా సలహా, ఎలక్షన్ వచ్చిన ప్రతిసారీ దానికి ముసుగు వేయాల్సి వస్తుంది. దేవుడి బొమ్మ పెడితే పూజ, పూజారి, హుండీ, ఆ తర్వాత పంచాయితీ, అది వేరే లెక్క.

మేం ఎద్దు దగ్గర ఆగడానికి కారణం సింపుల్. మా తాతలు మోట కొట్టి నీళ్లు తోడారు, ఎద్దు మోటదారిలో ముందుకు నడిస్తే బొక్కెన పైకి వచ్చేది. ఆ తర్వాత మోటార్లు వచ్చాయి, బోర్లు వచ్చాయి, బోర్లు ఎండాయి. ఎండిన బోర్ల పైపులతో మోట ఎద్దు చేద్దామన్న మాట ఎవరు ముందన్నారో ఇప్పుడు నలుగురు పోటీ పడుతున్నారు గానీ, ఆ రోజు మాత్రం ఎవరూ కాదనలేదు.

ఇంకో సంగతి. గుండ్రటి కండలున్న మనిషి బొమ్మ తుక్కుతో చేయడం చాలా కష్టం, ముక్కు అర అంగుళం పక్కకి పోయినా అందరూ నవ్వుతారు. జంతువు కాస్త క్షమిస్తుంది. ఇనుప తుక్కుతో మనుషుల విగ్రహాలు చేసే శిల్పులు తెనాలిలో ఉన్నారు, వాళ్లది తరాల చెయ్యి. మనది కాదు.

జాగా: ఇక్కడే సగం ఊళ్లు దెబ్బతింటాయి

రోడ్డు పక్కన అంటే రోడ్డు జాగాలో అని కాదు. 2013 జనవరి 18న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ఉంది. పబ్లిక్ రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, జనం వాడుకునే ఇతర స్థలాల్లో విగ్రహాలకు, కట్టడాలకు రాష్ట్ర ప్రభుత్వాలు అనుమతి ఇవ్వకూడదు. ఎమ్మెల్యే గారు చెప్పారనో, రాత్రికి రాత్రి దిమ్మె కట్టేస్తే ఎవరూ కూల్చరనో అనుకోవద్దు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మొదట పోయేది అదే.

కాబట్టి రోడ్డు హద్దు దాటి లోపల ఉన్న పట్టా భూమో, పంచాయతీ భూమో చూసుకోండి. నకిరేకల్ నుంచి నల్గొండ, హాలియా మీదుగా సాగర్ పోయే 565 లాంటి జాతీయ రహదారి పక్కనైతే మధ్యగీత నుంచి 40 మీటర్ల లోపల కట్టడాలకు మామూలుగా ఒప్పుకోరు, ఇంకా అవతల కూడా అడిగి కట్టుకోవాల్సిన దూరం ఉంటుంది. మామూలు రోడ్డయితే ఆర్ అండ్ బీ వాళ్లనో పంచాయతీరాజ్ ఏఈనో పిలిచి హద్దు కొలిపించుకోండి, కొలిచిన కాగితం చేతిలో పెట్టుకోండి. చెరువు శిఖం భూమి, అంటే చెరువు నిండితే మునిగే జాగా, మాత్రం ఎంత ఖాళీగా కనిపించినా ముట్టుకోవద్దు.

మాకు ఒక రైతు మూడు గుంటలు ఇస్తానన్నాడు. నోటి మాట మీద మొదలుపెట్టి ఉంటే ఆయన కొడుకులు పంచుకునే రోజు ఎద్దును కూడా పంచుకునేవాళ్లు. పంచాయతీ పేరు మీద దానపత్రం రిజిస్టర్ చేయించాం, సాగు భూమి కాబట్టి నాలా మార్పిడి, అంటే సాగేతర భూమిగా మార్పించడం, కూడా. భూముల రికార్డులకి ధరణి పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చిన కాలం అది, ఆఫీసు చుట్టూ తిరగడానికే మూడు నెలలు పోయాయి. ఆ మూడు నెలలు వృథా అని అప్పుడు అందరం తిట్టుకున్నాం, నేనైతే ఇద్దరి వంతు తిట్టాను.

పైన కరెంటు లైను ఉన్న జాగా వద్దే వద్దు. బొమ్మకి లైను తగలకపోయినా, లేపేటప్పుడు క్రేన్ చెయ్యి తగులుతుంది.

ఆగే బండ్లకు చోటు కూడా ఇక్కడే ఆలోచించాలి. బొమ్మ బాగుంటే జనం ఆగుతారు, బాగాలేకపోయినా సెల్ఫీ కోసం ఆగుతారు. రోడ్డు మీదే బైక్ ఆపి వెనక్కి వెనక్కి నడుస్తూ ఫోటో తీసుకునే పిల్లాడిని ఒక్కసారి ఊహించుకోండి. నాలుగు కార్లు, పది బైకులు దిగి నిలబడేంత మొరం పోసిన జాగా లేకుండా బొమ్మ పెట్టొద్దు. మూల మలుపు దగ్గర అసలే పెట్టొద్దు.

పైసలు, పుస్తకం

చందాల పుస్తకం మహిళా సంఘం చేతికి ఇవ్వండి. మగవాళ్లకి ఇస్తే ఏమవుతుందో నేను రాయను, మీకు తెలుసు. ఇద్దరు ముగ్గురి సంతకంతో నడిచే బ్యాంకు ఖాతా తెరిచి, ప్రతి పదిహేను రోజులకోసారి జమ, ఖర్చు పంచాయతీ గోడ మీద అంటించండి. పైసలు ఇవ్వలేనివాళ్లు రోజు కూలీ రాయించుకున్నారు, కొందరు జొన్న రొట్టెలు, అంబలి పంపారు. అవి కూడా పుస్తకంలో ఎక్కాలి. రొట్టెలు పంపిన ఇల్లు లెక్కలో లేకపోతే వచ్చే మాట చందా లెక్క తప్పితే వచ్చే మాట కంటే గట్టిగా ఉంటుంది.

శిలాఫలకం మీద ఎవరి పేరు ముందుండాలో పని మొదలుపెట్టకముందే తేల్చుకోండి. మేం అసలు పేర్లే వద్దనుకున్నాం. సర్పంచుల పదవీకాలం అయిపోయి ప్రత్యేకాధికారుల పాలన నడుస్తున్న రోజుల్లో ఈ తీర్మానం పడింది కాబట్టి తేలిగ్గా పడింది, నిజం చెప్పాలంటే అదృష్టం.

తుక్కు పోగేయడం

ఇల్లిల్లూ తిరగండి. తుక్కు బండి వాడికి అమ్మకముందు మాకివ్వమని అడగండి. వచ్చిన ప్రతి ముక్కా కాంటా వేసి, ఇచ్చినవాళ్ల పేరు రాసి, చిన్న రేకు ముక్క మీద నంబరు కొట్టి దానికి కట్టండి. ఇది చాదస్తం అనిపిస్తుంది. కానీ ఒక ముసలమ్మ కొడవలి తెచ్చిచ్చి, వారానికోసారి వచ్చి, "నా కొడవలి యాడ పెట్టిన్రు బిడ్డా?" అని అడుగుతుంటే తడుముకోకుండా చూపించాలి కదా.

తీసుకోకూడని ఇనుము కొంత ఉంటుంది. రైలు పట్టా ముక్కలు, పట్టాలను కలిపే ఫిష్ ప్లేట్లు ఎవరు తెచ్చినా వద్దు, రైల్వే సామాను అక్రమంగా దగ్గర పెట్టుకుంటే 1966 నాటి చట్టం కింద కేసు అవుతుంది. కరెంటు టవర్ల యాంగిళ్లు, ట్రాన్స్‌ఫార్మర్ డొక్కులు, రోడ్డు బోర్డులు కూడా అంతే. మూత బిగించిన డ్రమ్ములు, పాత డీజిల్ ట్యాంకులు, గ్యాస్ సిలిండర్లు కోయడానికి పోవద్దు. ఖాళీ అనుకున్న డ్రమ్ములో మిగిలిన ఆవిరి కటింగ్ మంటకి బాంబులా పేలుతుంది. పురుగుమందుల డబ్బాలు కూడా వద్దు.

మిగిలినదాన్ని నాలుగు కుప్పలు చేయండి. ఎందుకంటే అన్ని ఇనుములూ ఒకేలా అతకవు.

మొదటిది మామూలు మెత్తని ఇనుము: యాంగిళ్లు, పట్టీలు, చువ్వలు, కేజ్ వీల్స్, బండి చక్రాల పట్టాలు. దీనితో ఏ ఇబ్బందీ లేదు.

రెండోది పోత ఇనుము. పాత బావి మోటార్ల పంపులు, చెరుకు గానుగ పళ్ల చక్రాలు. మామూలు రాడ్‌తో అతికితే చల్లారేటప్పుడు 'టిక్' మని పక్కనే పగులుతుంది. నికెల్ రాడ్లు, ముందుగా వేడి చేయడం, ఇవన్నీ ఖర్చు. బోల్టులతో బిగించుకోవడం మేలు. పోత ఇనుము అవునో కాదో తెలియకపోతే గ్రైండర్ ఆనించండి, మెత్తని ఇనుము పొడుగ్గా తెల్లటి పసుపు రవ్వలు చిమ్ముతుంది, పోత ఇనుము పొట్టిగా ఎర్రగా రాలుస్తుంది.

మూడోది గట్టి ఉక్కు: ట్రాక్టర్ ట్రాలీ కమాన్ పట్టీలు, డిస్క్ నాగలి పళ్లేలు. అతికిన చోట పెళుసుబారి విరుగుతాయి. డిస్కుల మధ్యలో ఎలాగూ రంధ్రం ఉంటుంది, అందులో బోల్టు వేయండి. మా ఎద్దు తొడల మీద గుండ్రంగా కనిపించేవి అవే.

నాలుగోది జీఐ పైపులు, అంటే మన బోరు పైపులు. వీటి పైన జింకు పూత ఉంటుంది. దాన్ని గీకకుండా వెల్డింగ్ చేస్తే తెల్లటి పొగ వస్తుంది, అది పీల్చినవాళ్లకి సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంటుంది. మా దగ్గర ఇద్దరు కుర్రాళ్లు డెంగీ అనుకుని టెన్షన్ పడ్డారు. అతికే చోట రెండు అంగుళాల మేర పూత గ్రైండ్ చేసి, గాలి వచ్చే దిక్కు నిలబడి చేయాలి.

మట్టి బొమ్మ, తర్వాత ముగ్గు

ఈ గైడులో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి.

ఏరువాక పున్నానికి పిల్లలు మట్టి ఎడ్లు చేసినట్టే 24 సెంటీమీటర్ల పొడవు, 18 సెంటీమీటర్ల ఎత్తు బంకమట్టి ఎద్దును చేయించండి. ఒక సెంటీమీటరుకి ఒక అడుగు లెక్క. నిజమైన ఎద్దును పక్కన కట్టేసుకుని చూస్తూ చేయాలి, ఫోన్‌లో ఫోటో చూసి కాదు. మూపురం, గంగడోలు, మోకాలి దగ్గర వంపు, ఇవి తప్పితే ఊళ్లో ఎవరూ ఊరుకోరు. మా మొదటి నమూనా చూసి ఒక తాత, "ఇది ఎద్దా, బర్రెనా?" అన్నాడు. మూపురం పెంచి, నడుము తగ్గించి, తల కిందికి దించాం, బరువు లాగే ఎద్దు తల ఎత్తుకుని నడవదు కదా.

ఒక కాలు గాల్లోకి లేపితే అందంగా ఉంటుంది, కానీ వద్దు. నాలుగు కాళ్లూ నేల మీదే ఉండాలి, ముందు కాలు ఒకటి కాస్త ముందుకి జరిపితే నడుస్తున్నట్టే కనిపిస్తుంది.

అచ్చం అలాంటివి రెండు చేయించండి. ఒకటి దాచండి. రెండోది కాస్త ఆరాక, పూర్తిగా గట్టిపడకముందే, సన్నటి తీగతో రెండేసి సెంటీమీటర్లకి ఒక ముక్క చొప్పున అడ్డంగా కోయండి. ఒక్కో ముక్క అంచును గళ్ల కాగితం మీద గీసుకుంటే రెండేసి అడుగులకి ఒక పక్కటెముక ఆకారం వచ్చేసినట్టే. ఇంజనీర్లు కంప్యూటర్‌లో చేసేది కూడా ఇదే పని.

ఇప్పుడు పెంచి గీయడం. మా ఊరి ఆడవాళ్లు కళ్లం అలికి, అడుగుకొక చుక్క చొప్పున అడ్డం 25, నిలువు 19 చుక్కలు పెట్టారు. కాగితం మీద గళ్లలో గీత ఎక్కడెక్కడి నుంచి పోతుందో చూస్తూ చుక్కల మధ్య నుంచి ముగ్గుతో లాగేశారు. పొద్దున ఆరింటికి మొదలుపెడితే తొమ్మిదిన్నరకి 24 అడుగుల ఎద్దు నేల మీద పడుకుని ఉంది. మేం డిగ్రీ చదివిన కుర్రాళ్లం అంతకు ముందు రెండు రోజులు టేపులు పట్టుకుని కొట్లాడుకున్న పని అది. ముగ్గు చెరిగిపోకముందే దాని మీద సున్నం నీళ్లు పోసి గట్టి చేసుకోండి. పైన మేడ ఎక్కి చూడండి, లేదా వేపచెట్టు ఎక్కండి. తప్పులుంటే ఇక్కడ సరిచేయడానికి చీపురు చాలు, ఇనుములోకి వెళ్లాక గ్యాస్ కట్టర్ కావాలి.

ఆ ముగ్గు గీత మీదే ఇనుప చువ్వను పెట్టి వంచుకుంటూ పోతే ఎద్దు రూపురేఖ ఊడిపడ్డట్టు వస్తుంది. వంచడానికి మా ఊరి కమ్మరి తాతను పిలిచాం. కొలిమి ఆరి పదేళ్లయిన మనిషి. కొమ్ములు మాత్రం వెల్డింగ్ కుర్రాళ్లని ముట్టుకోనివ్వలేదు.

గాలి లెక్క, పునాది

బొమ్మ పడిపోయేది బరువుతో కాదు, గాలితో. చైత్ర, వైశాఖాల్లో సాయంత్రం పూట వచ్చే గాలిదుమారం రేకుల షెడ్లను ఎట్లా లేపుకుపోతుందో మనకి తెలుసు. భారత ప్రమాణాల్లో హైదరాబాద్‌కి లెక్కలోకి తీసుకునే గాలి వేగం సెకనుకి 44 మీటర్లు. ఆ వేగాన్ని దాంతోనే గుణించి 0.6తో గుణిస్తే చదరపు మీటరుకి సుమారు 1,160 న్యూటన్లు, అంటే దాదాపు 118 కిలోల తోపు. మా ఎద్దును పక్క నుంచి చూస్తే గాలికి అడ్డుపడే భాగం 24 చదరపు మీటర్లు. రెండు టన్నుల 800 కిలోలు! ఆకారాన్ని బట్టి ఇంకా పెరుగుతుంది. మూడు టన్నుల ఎద్దును దాదాపు మూడు టన్నులతో పక్కకి తోసినట్టు.

ఈ లెక్క మీకు తెలియడం కోసం రాశాను, మీరే కట్టేసుకోమని కాదు. స్ట్రక్చరల్ ఇంజనీర్ సంతకం లేకుండా పునాది తవ్వొద్దు. నల్గొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఉంది, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ ఉంది, దగ్గరలో ఇంజనీరింగ్ కాలేజీలు ఉన్నాయి, పోయి అడిగితే దారి చెప్పేవాళ్లు దొరుకుతారు.

మాకు తేలింది 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు, అడుగున్నర మందం ఉన్న ఒకే కాంక్రీటు పలక. సుమారు పది ఘనమీటర్లు, పాతిక టన్నుల బరువు, ఎనభై బస్తాల పైన సిమెంటు. మాది ఎర్ర చెల్క నేల, మూడడుగుల్లో గట్టి మొరం తగిలింది. మీది నల్లరేగడి అయితే వానకి ఉబ్బి ఎండకి బీటలిస్తుంది, దాని మీద పలక వేస్తే ఏడాదిలో వంగుతుంది. రేగడిని పూర్తిగా తీసేసి గట్టి నేల తగిలేదాకా పోవాలి.

ఇక్కడ మేం చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఒక్కో కాలి కింద నాలుగు లావు బోల్టులు కాంక్రీటులో నిలబెట్టాలి. వాటిని తీగలతో కట్టి వదిలేశాం, కాంక్రీటు పోసి వైబ్రేటర్ పెట్టేసరికి ఒక కాలి బోల్టులు అంగుళం పక్కకి జరిగాయి. చూసుకునేసరికి గట్టిపడింది. తర్వాత కాలి పలక రంధ్రాలు పెద్దవి చేసి, పైన మందపాటి వాషర్ పలకలు అతికి, ఇంజనీర్ దగ్గర తిట్లు తిని సరిచేసుకున్నాం. అచ్చం కాలి పలక లాంటి రంధ్రాలున్న రేకును పైన బిగించి, దాన్ని సెంట్రింగ్ చెక్కలకి కట్టేసి ఉంటే అది జరిగేది కాదు.

గోనెసంచులు కప్పి రోజూ తడపండి. 28 రోజుల దాకా పైన బరువు పెట్టొద్దు.

ఎముకలు కొత్త ఇనుముతో, తోలు పాత ఇనుముతో

బరువు మోసే అస్థిపంజరం తుక్కుతో చేయొద్దు. తుప్పు పట్టిన పైపు లోపల ఎంత మందం మిగిలిందో బయటి నుంచి కనిపించదు. నాలుగు కాళ్లు, వెన్ను, మెడ, వీటికి కొత్త పైపులు, చానళ్లు కొనండి. చందాల పైసల్లో ఎక్కువ భాగం ఇక్కడికే పోతుంది, పోనివ్వండి. కొనేటప్పుడు లెక్క తెలిస్తే షాపులో మోసపోరు: చువ్వ మందాన్ని మిల్లీమీటర్లలో దాంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. 12 ఎంఎం చువ్వ మీటరుకి 0.89 కిలో. మూడు ఎంఎం రేకు అయితే చదరపు మీటరుకి ఇరవై మూడున్నర కిలోలు.

అస్థిపంజరం అతుకులు ఐటీఐలో వెల్డర్ కోర్సు చేసి అనుభవం ఉన్నవాళ్లే వేయాలి. పైన తోలు ఊరి కుర్రాళ్లు నేర్చుకుంటూ వేయొచ్చు. మామూలు 6013 రకం వెల్డింగ్ రాడ్లు, 2.5, 3.15 ఎంఎం సరిపోయాయి.

తోలును పూర్తిగా మూసేయకండి. ముక్కకీ ముక్కకీ మధ్య సందులు వదిలితే గాలి దూరి పోతుంది, బరువు తగ్గుతుంది, ఎండ అటు నుంచి ఇటు పడుతూ చూడ్డానికి కూడా బాగుంటుంది. గంగడోలుకి కొడవళ్లు వరసగా వేలాడదీశాం, నిజమైన మడతల్లాగే వచ్చాయి. అన్నిటి అంచులూ ముందే గ్రైండర్‌తో మొండి చేశాం, ఎనిమిది అడుగుల కింద ఒక్కటీ పెట్టలేదు. ముసలమ్మది ఎడమ పక్కన మూడోది. కాళ్లు మాత్రం ఏడడుగుల దాకా నున్నగా మూసేయండి, కాలు పెట్టడానికి సందు దొరికితే పిల్లలు ఎక్కకుండా ఉండరు, పెద్దలూ ఉండరు. తోక సన్నటి చువ్వతో చేస్తే గాలికి ఊగి ఊగి అతుకు దగ్గర విరుగుతుంది. మేం బావి గొలుసు వేలాడదీశాం, ఊగనీ.

వ్యవసాయ మోటారుకి ఫ్రీ కరెంటు ఉంది కదా అని స్టార్టర్ డబ్బా నుంచి వెల్డింగ్ మిషన్‌కి వైరు లాగాలని ఎవరో ఒకరు అంటారు. అది నేరం, పైగా ప్రమాదం. తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి, లేదంటే జనరేటర్ కిరాయికి తెచ్చుకోండి.

పని పొద్దున ఆరు నుంచి పది దాకా, మళ్లీ నాలుగు తర్వాత. మధ్యాహ్నం ఎండలో ఇనుము ముట్టుకుంటే చేతి తోలు ఊడుతుంది. వెల్డింగ్ చుట్టూ టార్పాలిన్ కట్టండి, లేకపోతే చూస్తూ నిలబడ్డ పిల్లలకి రాత్రి కళ్లలో కారం పోసినట్టు మండుతుంది. అట్లా అయితే ఇంటి వైద్యాలు వద్దు, డాక్టరుకి చూపించండి. ఇంకోటి, చుట్టూ గడ్డివాములు ఎంత దూరంలో ఉన్నాయో చూసుకోండి. మా గ్రైండర్ రవ్వ ఒకటి గాలికి ఎగిరి పక్క చేను వాములో పడింది. బిందెలతో ఊరంతా ఉరికితే గానీ ఆరలేదు. ఆ రైతుకి ట్రాక్టర్ గడ్డి కొనిచ్చాం, ఆ ఖర్చు కూడా గోడ మీద అంటించాం. ఆ తర్వాత నుంచి ఇసుక బకెట్లు, నీళ్ల ట్యాంకర్ లేకుండా ప్లగ్గు పెట్టలేదు.

లేపడం

కాళ్లు ఒక జతగా, ఇంకో జతగా, నడుము ఒకటి, మెడా తలా ఒకటి, ఇలా నాలుగు ముక్కలుగా కింద చేసుకుని పైన కలపండి. లేపడానికి హైడ్రా పిలిచాం, హైదరాబాద్‌లో కట్టడాలు కూల్చే హైడ్రా కాదు, క్రేన్ హైడ్రా. దాని మీద 12 టన్నులు అని రాసి ఉంటే చెయ్యి దగ్గరగా ఉన్నప్పుడే 12 టన్నులు, చెయ్యి చాచిన కొద్దీ బలం తగ్గిపోతుంది. ముక్క బరువు, ఎంత దూరం, ఎంత ఎత్తు, ఈ మూడూ ముందే ఆపరేటరుకి చెప్పండి.

బెల్టు ఎక్కడ వేయాలో పైన రంగుతో గుర్తు పెట్టుకోండి. ముక్కకి బరువు ఒక వైపే ఎక్కువుంటే, మధ్యలో పట్టుకున్నా ఆ వైపు కిందికి వాలిపోతుంది.  రెండు వైపులా పొడవాటి తాళ్లు కట్టి కింద నుంచి పట్టుకోండి. సైగలు చేసేది ఒక్కడే ఉండాలి. మా దగ్గర ఆ రోజు మూడు వందల మంది వచ్చారు, అందరికీ సైగలు తెలుసు. తాడు కట్టి అవతల నిలబెట్టాల్సి వచ్చింది. వేలాడే ముక్క కింద మాత్రం ఎవరూ, ఒక్క క్షణం కూడా ఉండకూడదు.

గాలి ఉన్న రోజు వద్దు. ముహూర్తం పొద్దున పెట్టించుకోండి, పంతులు గారు సాయంత్రం అంటే ఇంకో పంతులు గారిని అడగండి.

పిడుగు, నీళ్లు, రంగు

చుట్టూ చేను, మధ్యలో 18 అడుగుల ఇనుము. ఎదురెదురు మూలల్లో ఉన్న రెండు కాళ్ల నుంచి జీఐ పట్టీ లాగి ఎర్తింగ్ గుంతల్లోకి దించండి. ఉరుములప్పుడు కింద ఎవరూ నిలబడొద్దని బోర్డు పెట్టండి.

నీళ్లు నిలిచే ప్రతి గుంటకీ కింద రంధ్రం వేయాలి: చెవులు, మూపురం లోపలి మడత, పైపు చివర్లు. మొదటి వానకే తెలుస్తుంది, వాన తగ్గగానే బయలుదేరి ఎక్కడెక్కడ కారుతోందో, ఎక్కడ కారడం లేదో చూడండి. కారని చోటే తుప్పు.

రంగు సంగతికి వస్తే, వైరు బ్రష్‌తో గీకి, రెడ్ ఆక్సైడ్ రెండు పూతలు కొట్టి, పైన ఎనామిల్. ఏ పార్టీ జెండాలోనూ లేని రంగు వెతకడం ఒక పెద్ద పని, మేం బూడిద కలిసిన నలుపు దగ్గర ఆగాం. మెరిసే పాలిష్ వద్దు, పొద్దుటి ఎండ దాని మీద పడి డ్రైవర్ కళ్లలోకి కొడుతుంది. మిణుకు మిణుకు లైట్లు కూడా అందుకే వద్దు.

తర్వాత ఎవరు చూస్తారు

అమెరికాలో నార్త్ డకోటా అనే రాష్ట్రంలో గ్యారీ గ్రెఫ్ అనే ఒకప్పటి బడి ప్రిన్సిపాల్ ఉన్నాడు. తమ రీజెంట్ అనే చిన్న ఊరు ఖాళీ అయిపోతోందని, హైవే నుంచి ఆ ఊరికి పోయే 32 మైళ్ల దారి పొడవునా తుక్కు ఇనుముతో పెద్ద పెద్ద బొమ్మలు కట్టుకుంటూ పోయాడు. 1989లో మొదలుపెట్టాడు, అప్పటికి వెల్డింగ్ కూడా రాదు. ఎగిరే బాతుల బొమ్మ ఒకటి 110 అడుగుల ఎత్తు. చుట్టుపక్కల రైతులు చేయి వేశారు. కట్టడం అయ్యాక కూడా గడ్డి కోయడం, రంగులు వేయడం, చందాలు అడగడం ఏళ్ల తరబడి ఆయన నెత్తినే. పది బొమ్మలు కట్టాలని ఉబలాటపడే ఊరికి నేను ముందు ఆ గడ్డి సంగతే చెప్తాను.

మేం తీర్మానంలోనే రాసుకున్నాం: ఏడాదికోసారి ఎండాకాలానికి ముందు బోల్టులు బిగించడం, అతుకులు చూడడం, తుప్పు గీకి రంగు వేయడం. వచ్చిన చందాల్లో కొంత అసలు ముట్టుకోకుండా డిపాజిట్ వేశాం. ఫ్లెక్సీ కట్టినవాళ్లకి జరిమానా, కట్టింది ఎవరైనా సరే. కందిరీగల పుట్టలు ఎలాగూ పెడతాయి, పైకెక్కే ముందు చూసుకోండి.

ఈ ఏడాది రంగు పని ఇంకా కాలేదు. మెడ దగ్గర బోరు పైపుల్లో గోరింకలు గూళ్లు పెట్టాయి, మూడు పైపుల్లో పిల్లలున్నాయి. రంగు డబ్బాలు పంచాయతీ ఆఫీసులో మూల పెట్టాం. ఆ ముసలమ్మ రోజూ పొద్దున వచ్చి పైకి చూసి, ఇంకా ఎగరలేదని చెప్పి పోతోంది.